తాకని వేలు

శిల్పి అడిగిన ప్రశ్న చాలా చిన్నది.

"ఏ వేలు?"

పాత ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టిస్తున్న విగ్రహం కోసం రాస్ టిండల్ కుడిచెయ్యి అప్పటికే మోచేతి దాకా తడి ప్లాస్టర్‌లో ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా స్టూలు మీద కదలకుండా కూర్చున్నాడు.

"అన్ని వేళ్లూ పోత పోస్తావుగా!" అని నవ్వాడు.

"పోస్తాను. కానీ బంతికి తగిలిన వేలు మిగతా వాటికన్నా కాస్త ముందుకుండాలి. దాని కొసకు మెరుగు పెడతాను. రేపు జనం వచ్చి ముట్టుకునేది దాన్నే." హెలెన్ అనే ఆ శిల్పి పనిలో గట్టి మనిషి. పని మొదలుపెట్టే ముందు పాత పేపర్లన్నీ తిరగేసింది. "ఎనభై నాలుగులో చూపుడువేలు అన్నారు. తొంభై ఆరులో మధ్యవేలు. రేడియోలో ఒకసారి ఉంగరంవేలు అన్నారు. నాకు ఏదైనా ఒకటే. సరైనది చెప్పండి."

రాస్ ప్లాస్టర్‌లో మునిగిన చెయ్యి వైపు చూశాడు.

"ఆలోచించి చెబుతాను."

ముప్పై ఒక్క ఏళ్లుగా చెబుతున్న సంగతికి మళ్లీ ఆలోచన దేనికని ఆమె అడగలేదు. ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కింది. చెయ్యి బయటికి లాక్కోవడానికి ఇంకా పావుగంట పడుతుందంది.

ఆస్ట్రేలియాలో వాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. మైదానానికి ఈ చివర నాలుగు స్తంభాలు, ఆ చివర నాలుగు. కాలితో తన్నిన బంతి మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి పోతే గోల్, ఆరు పాయింట్లు. పక్క స్తంభాల నడుమ నుంచి పోతే ఒక్క పాయింటే. ఇంకో నిబంధన కూడా ఉంది. తన్నిన బంతి గీత దాటేలోపు ఎదుటి జట్టువాడి వేలి కొస తగిలినా చాలు, ఆరు కాస్తా ఒకటి అయిపోతుంది.

తగిలిందో లేదో తేల్చేవాడు గోల్ అంపైర్. స్తంభాల మధ్య గీత మీద తెల్లకోటు వేసుకుని నిలబడతాడు. గోల్ అయితే రెండు చూపుడువేళ్లు ఛాతీ ముందుకు చాపుతాడు, ఒక్క పాయింటైతే ఒకే వేలు. తర్వాత అన్నే తెల్లజెండాలు ఊపుతాడు. అవతలి చివర ఉన్న గోల్ అంపైర్ కూడా అన్నే జెండాలు ఊపి, అందింది అని జవాబిస్తాడు. ఇద్దరూ జేబులోంచి కార్డు తీసి రాసుకుంటారు.

ఎనభై నాలుగు ఫైనల్లో చివరి నిమిషానికి రాస్ ఆడే సాల్ట్‌బ్రిడ్జ్ జట్టు రెండు పాయింట్లు ముందుంది. అవతలి కార్విల్ జట్టులో జో ఫరూజా అనే కుర్రాడు పది గజాల నుంచి బంతి తన్నాడు. రాస్ అడ్డంగా దూకాడు. బంతి చెయ్యి పక్క నుంచి పోయింది. గాలి తగిలింది. బంతి తగల్లేదు.

రాస్ నేల మీద పడుతూనే చెయ్యెత్తి, "తగిలింది!" అని అరిచాడు.

అందులో కుట్ర ఏమీ లేదు. ఆ ఆటలో డిఫెండర్లు అందరూ అలాగే అరుస్తారు. తగిలినా అరుస్తారు, తగలకపోయినా అరుస్తారు. ఎవరూ నమ్మరు. అది అరిచేవాడికీ తెలుసు, అంపైర్‌కీ తెలుసు. ఆ రోజు మాత్రం గోల్ అంపైర్ అతని ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఒకే వేలు చాపాడు. ఒకే జెండా ఊపాడు.

సాల్ట్‌బ్రిడ్జ్ ఒక్క పాయింటుతో గెలిచింది.

టీవీ కెమెరా ఒకటే. దానికి సరిగ్గా అక్కడే స్తంభం అడ్డొచ్చింది. వారం రోజులు పేపర్లు వాదించుకున్నాయి. ఆ వారంలో ఏ రోజు నోరు విప్పినా సరిపోయేది. రాస్ విప్పలేదు. రెండో వారానికి ఆ వేలు మీద పాట కట్టారు. మూడో వారానికి దాని గురించి చెప్పమని విందులకు పిలిచారు. మొత్తం పదిహేను సీజన్లు, రెండొందల నలభై మూడు మ్యాచ్‌లు ఆడాడు. మోకాలు పోయి ఆట మానేశాక రెండేళ్లు కోచింగ్ ఇచ్చాడు, కలిసిరాలేదు. రేడియోలో మాట్లాడాడు. ఎక్కడికెళ్లినా జనం అడిగింది మాత్రం ఆ ఒక్క వేలు గురించే. భార్య లిన్ నాలుగేళ్ల కిందట పోయింది. ఆమెకు తెలిసింది కూడా విందుల్లో చెప్పిన కథే.

జో ఫరూజాను మరుసటి ఏడు జట్టులోంచి తీసేశారు. పది గజాల నుంచి మనిషి మీదికి తన్నినవాడన్న పేరు అతనికి అంటుకుపోయింది. ఏ బార్లోకి వెళ్లినా ఎవడో ఒకడు వేలెత్తి చూపించి నవ్వేవాడు. ఒకసారి సూపర్‌మార్కెట్‌లో జో బండి తోసుకుంటూ ఎదురొచ్చాడు. రాస్ కుక్కబిస్కెట్ల అర వెనకాల దాక్కున్నాడు. అతని ఇంట్లో కుక్క లేదు. జో వెళ్లిపోయేదాకా ఒక డబ్బా మీద అక్షరాలు చదువుతూ నిలబడ్డాడు.

గోల్ అంపైర్ పేరు డెస్మండ్ రోజారియో. మన గుంతకల్లు రైల్వే కాలనీలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. గూడ్సు బళ్ల మీద గార్డుగా పనిచేసి, అరవై ఆరులో ఓడెక్కి ఆ దేశం వెళ్లాడు. జెండాలు ఊపడం ఒక్కటే తనకు బాగా వచ్చని చెప్పి ఈ పనిలో చేరాడట. ఆ ఫైనల్ తర్వాత ఆయనకు ఇంకో ఫైనల్ ఇవ్వలేదు. ఇండియా రైలు జెండాలు వేరు, మన ఆట జెండాలు వేరు అని ఒక పాఠకుడు పేపరుకు ఉత్తరం రాశాడు. పేపరు అచ్చేసింది. రెండేళ్లకు ఆయన నగరం వదిలి, గోధుమ పొలాల మధ్య మిల్లరా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో ఇప్పటికీ మంగళవారాలు అక్కడి కొత్త గోల్ అంపైర్లకు పని నేర్పుతున్నాడు.

చెయ్యి ప్లాస్టర్‌లోంచి బయటపడిన మరుసటి మంగళవారం రాస్ నాలుగు గంటలు కారు నడుపుకుంటూ మిల్లరా వెళ్లాడు. విగ్రహావిష్కరణకు ఇంకా పది వారాలుంది. దారి పొడుగునా ఒకే వాక్యం వల్లించుకున్నాడు. మిస్టర్ రోజారియో, ఆ రోజు బంతి నాకు తగల్లేదు. ఏడు మాటలు. కారు దిగేసరికి అవి కంఠస్థం.

ముసలాయన మైదానంలో స్తంభం కింద మడత కుర్చీలో కూర్చుని తెల్లకోటుకు గుండీ కుట్టుకుంటున్నాడు. తలెత్తి చూశాడు.

"ఏమప్పా! ఇంత దూరం?"

రాస్ కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"మిస్టర్ రోజారియో... నాకు గోల్ అంపైరింగ్ నేర్పిస్తారా?"

అన్న తర్వాత గానీ తను ఏమన్నాడో తనకే తెలియలేదు. ముసలాయన దారం కొరికి తెంపాడు.

"నిలబడేది యాడనో తెలుసా?"

"గీత మీద."

"తెలిస్తే నిలబడు."

అలా మొదలైంది.

ఆ ఊళ్లో అందరూ ఆయన్ని డెస్ అని పిలిచేవారు. రాస్‌కు ఆ పేరు నోట్లోంచి వచ్చేది కాదు. ఆయన మాత్రం ఊరందర్నీ 'అప్పా' అనే పిలిచేవాడు. దానికి అర్థం ఏమిటని రాస్ ఒకసారి అడిగాడు.

"గుంతకల్లులో పనికొచ్చే మాట. కోపమొచ్చినా అదే, ప్రేమొచ్చినా అదే."

ఆయన పాఠం విచిత్రంగా ఉండేది. మొదట శిష్యుడి రెండు చెవుల్లో దూది పెట్టేవాడు. ఊరి బళ్లో టీచరు, ఆడవాళ్ల జట్టు కెప్టెన్ కొలీన్ ఇరవై గజాల నుంచి బంతి తన్నేది. ముసలాయన చీపురుకర్ర చివర పాత గ్లవ్ కట్టి, గీత దగ్గర నిలబడి, బంతి వస్తుంటే దాన్ని పైకి ఎగదోసేవాడు. ఒక్కోసారి గ్లవ్ తగిలేది, ఒక్కోసారి తగిలేది కాదు. కానీ ప్రతిసారీ గొంతు చించుకుని "తగిలింది!" అని అరిచేవాడు.

దూదిలోంచి కూడా ఆ అరుపు రాస్‌కు కడుపులో వినబడేది.

"ఒక్క పాయింటు," అన్నాడు మొదటి బంతికి.

"గాలి తగిలింది," అన్నాడు ముసలాయన. "మళ్లీ."

"గోల్."

"గ్లవ్ బొటనవేలు ఊగింది, చూడలేదా? మళ్లీ." ఆయన కొలీన్ వైపు తిరిగాడు. "రెండొందల నలభై మూడు మ్యాచ్‌లు ఆడినోడు. చీపురుకర్ర చేతిలో మోసపోతున్నాడు చూడప్పా!"

కొలీన్ పడీ పడీ నవ్వింది. రాస్‌కు రోషం వచ్చింది.

"నేను బంతిని మూరెడు దూరం నుంచి చూసినవాణ్ణి. పదిహేనేళ్లు!"

"చూడలేదప్పా. పట్టుకున్నావు. పట్టుకునేవాడికి చూసే తీరిక యాడుంటుంది?" చీపురుకర్ర నేలకు ఆనించి ఆయన కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. "గూడ్సు బండి పొడుగు తెలుసా నీకు? మండుటెండలో కూడా ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి నా కళ్లతో చూసుకుంటే గానీ పచ్చజెండా ఊపేవాణ్ణి కాదు. అంతా బాగుందని స్టేషన్ మాస్టరు చెప్పినా సరే. చెప్పేవాడు చెబుతాడు. ఊపేది నా చెయ్యి."

రాస్ చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది.

ప్రతి మంగళవారం వచ్చేవాడు. వచ్చేటప్పుడు ఆ ఏడు మాటలు వల్లించుకునేవాడు, వెళ్లేటప్పుడు వాటిని వెంట తీసుకుపోయేవాడు. మధ్యలో కోటు ఇస్త్రీ చేశాడు. జెండాలు ఉతికాడు. పెన్సిల్ ఎలా చెక్కాలో నేర్చుకున్నాడు. వానలో కార్డు తడవకుండా టోపీ లోపల ఎలా పెట్టుకోవాలో నేర్చుకున్నాడు. ఆరు వారాలకు గ్లవ్ తగిలిందీ తగలనిదీ పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగాడు. ఈలోగా హెలెన్ రెండుసార్లు ఫోన్ చేసింది. మైనం బొమ్మ అయిపోయింది, ఒక్క వేలే మిగిలింది అంది. రాస్ వచ్చే వారం చెబుతానన్నాడు.

ఏడో వారం శనివారం మిల్లరాలో రెండో జట్ల మ్యాచ్ ఉంది. ముసలాయన తన తెల్లకోటు తీసి రాస్ భుజాల మీద వేశాడు. కోటు చేతులు పొట్టిగా ఉన్నాయి. మణికట్లు బయటికి కనబడుతున్నాయి.

"పోయి నిలబడప్పా."

పల్లెటూరి మైదానాల్లో జనం కార్లు చుట్టూ వరసగా నిలుపుకుని, లోపలే కూర్చుని ఆట చూస్తారు. తమ జట్టు గోల్ కొడితే హారన్లు మోగిస్తారు. టిండల్ జెండా ఊపుతున్నాడని తెలిసి ఆ రోజు పక్క ఊళ్ల నుంచి కూడా కార్లు వచ్చాయి. ముసలాయన కంచె అవతల మడత కుర్చీ వేసుకున్నాడు.

మూడో క్వార్టర్లో అది జరిగింది. మిల్లరా కుర్రాడొకడు పదిహేను గజాల నుంచి బంతి తన్నాడు. అవతలి ఊరి డిఫెండర్, కోరగడ్డం ఉన్న పొడుగాటి మనిషి, అడ్డంగా దూకాడు. బంతి గీత దాటింది. అతను నేల మీద పడుతూనే చెయ్యెత్తాడు.

"తగిలింది! తగిలింది!"

రాస్ అతని ముఖంలోకి చూశాడు. నోరు అరుస్తోంది. కళ్లు మాత్రం, ఇది నమ్ముతారా అన్నట్టు, కొంచెం పక్కకు చూస్తున్నాయి.

రాస్ రెండు వేళ్లు చాపాడు. రెండు జెండాలు ఊపాడు. మైదానం చుట్టూ హారన్లు మోగాయి.

గడ్డం మనిషి లేచి ముఖం మీదికి వచ్చాడు.

"నీ వేలికి తగిలితే విగ్రహం, నా వేలికి తగిలితే గోలా?"

దగ్గర్లో కార్లలో ఉన్నవాళ్లు నవ్వారు. రాస్ కార్డు తీసి రాసుకున్నాడు. అంత గేలి చేసినా మనసు తేలిగ్గా ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఒక సరైన పని చేశాననిపించింది. ఆట అయిపోయాక జెండాలు చుట్టుకుని, మెచ్చుకోలు కోసం వెళ్లినట్టే కంచె దగ్గరికి వెళ్లాడు.

ముసలాయన కుర్చీలోంచి లేవలేదు.

"మూడో క్వార్టర్లో ఆ గోల్. వాడి వేలికీ బంతికీ మధ్య వెలుతురు కనబడిందా?"

"అది గోలే. అనుమానం లేదు."

"నేనడిగింది అది కాదు."

"లేదు. వెలుతురు కనబడలేదు."

"మరి?"

"వాడి ముఖం చూశాను. ఆ ముఖం నాకు తెలుసు."

"ఎట్ల తెలుసు?"

కార్లు ఒకటొకటిగా దుమ్ము రేపుతూ గేటు దాటి పోతున్నాయి. కొలీన్ దూరంగా బంతులన్నీ ఏరి సంచిలో వేసుకుంటోంది. రాస్ కుడిచెయ్యి జేబు కోసం వెతికింది. ఆ కోటుకు జేబు ఎడమవైపే ఉంది.

"మిస్టర్ రోజారియో," అన్నాడు. "ఆ రోజు బంతి నాకు తగల్లేదు."

అరుస్తున్నట్టు వచ్చిందా మాట. కొలీన్ తలతిప్పి చూసి, మళ్లీ తన పనిలో పడింది.

ముసలాయన మోకాలి మీద ఏదో దులుపుకున్నాడు.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు మొదటి రోజు కారు దిగినప్పటి నుంచి. పని నేర్చుకోను వచ్చినోడు చెయ్యి దాచుకోడు."

"మరి ఆ రోజు?"

"ఆ రోజు తెలీదు." ఆయన కంచె పట్టుకుని నెమ్మదిగా లేచాడు. "ఆ రోజు బంతి నీ చేతిని దాటేటప్పుడు నేను బంతిని చూడలేదు. నీ ముఖం చూసినా. మంచి ముఖం అనుకున్నా. నువ్వీ పొద్దు చేసిందీ అదే. నీకు సరిపోయింది, నాకు సరిపోలేదు. అంతే తేడా."

రాస్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నా వల్ల మీకు మళ్లీ ఫైనల్ రాలేదు. ఊరొదిలి వచ్చారు. పేపర్లో ఆ ఉత్తరం... నేను చదివాను. చదివి మడిచి పక్కన పెట్టేశాను. మీ ఇంటికి వచ్చి ఒక్కమాట చెప్పి ఉంటే..."

"ఏమప్పా, మాట్లాడడం మొదలుపెడితే ఆపవా?"

ముసలాయన అతని చేతిలోంచి జెండాలు తీసుకున్నాడు. ఒకసారి విప్పి చూసి, మళ్లీ అతని చేతిలోనే పెట్టాడు. అవతలి చివర అంపైర్ కంచెకు ఆనించి వదిలిపోయిన ఇంకో జత తను తీసుకున్నాడు.

"పోయి నీ గీత మీద నిలబడు."

"ఆట అయిపోయింది కదా!"

ముసలాయన కంచె సందులోంచి మైదానంలోకి దిగి, ఎదుటి స్తంభాల వైపు నడక మొదలుపెట్టాడు. దాదాపు నూట అరవై గజాలు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. కొలీన్ సంచి కింద పెట్టి సాయం వెళ్లబోయింది. ఆయన చేత్తో వద్దన్నాడు.

రాస్ జెండాలు స్తంభం పక్కన పెట్టి, గీత మీద నిలబడి చూస్తున్నాడు. మైదానంలో ఆటగాళ్ల బూట్లు చీల్చిన గడ్డి, మధ్యలో నడుస్తున్న ఒక తెల్లతల, అంతే. చివరికి ఆయన ఆ కొసన స్తంభాల మధ్య గీత మీద నిలబడి, ఇటు తిరిగాడు. జెండాలు కిందికి దించి ఉన్నాయి. కదలడం లేదు.

ఎదురుచూస్తున్నాడు.

రాస్‌కు అప్పుడు అర్థమైంది. అక్కడ బంతి లేదు. దూకేవాడు లేడు. అరిచేవాడు లేడు. అయినా జో ఫరూజా పది గజాల నుంచి తన్నిన బంతి స్పష్టంగా కనబడింది. అది తిరుగుతూ వచ్చింది. చాచిన చేతికీ దానికీ మధ్య నాలుగు వేళ్ల వెడల్పు వెలుతురు ఉంది.

రెండు చూపుడువేళ్లు ఛాతీ ముందుకు చాపాడు. వంగి జెండాలు తీసుకున్నాడు.

రెండూ ఊపాడు.

దూరాన ముసలాయన రెండు జెండాలూ పైకెత్తాడు. తొందర లేకుండా, బండి కదిలేదాకా గార్డు ఊపినట్టు, చాలాసేపు ఊపాడు. తర్వాత జేబులోంచి కార్డు తీసి ఏదో రాసుకున్నాడు.

తిరిగి రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. వచ్చేసరికి రాస్ టోపీ తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు తుడుచుకున్నట్టు ఉంది.

"నాకు అందిందప్పా," అన్నాడు ముసలాయన.

రాస్ ఏదో అనబోయాడు. ముసలాయన అతని భుజాల మీద నుంచి తన కోటు లాక్కుని చేతిమీద వేసుకున్నాడు.

"బంతి తన్నినోడు ఇక్కడ లేడు."

అంతే అన్నాడు. కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని గేటు వైపు వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున రాస్ కార్లో ఉండగా హెలెన్ ఫోన్ చేసింది.

"రేపు పోత. ఇంక ఆపలేను. ఏ వేలు?"

"పోత పోయొద్దు."

"అంటే?"

"ఎందుకో నీకు చెబుతాను. నీకే కాదు, క్లబ్బుకూ పేపర్లకూ చెబుతాను. కానీ నీకంటే ముందు చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడు."

"మీరు బాగానే ఉన్నారా?"

"లేను," అని ఫోన్ పెట్టేశాడు.

జో ఫరూజా ఇల్లు కార్విల్‌లో రైలుకట్ట పక్కన ఉంది. వాకిట్లో ప్లంబింగ్ పైపులు కట్టిన వ్యాను, గోడకు ఆనించి ఒక పాత సైకిలు. రాస్ బెల్లు కొట్టి మూడు మెట్లు కిందికి దిగి నిలబడ్డాడు. లోపల రేడియోలో నిన్నటి మ్యాచ్‌ల గురించి ఎవరో మాట్లాడుతున్నారు. ఆ గొంతు ఆగిపోయింది.

తలుపు తెరిచిన మనిషి జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చేతిలో సగం కొరికిన బ్రెడ్డు ముక్క. గుమ్మంలోనే నిలబడి రాస్ ముఖంలోకి చూశాడు. గుర్తుపట్టాడు.

"నా వాకిట్లో నీకేం పని?" అన్నాడు.

వచ్చేటప్పుడు దారిలో వల్లించుకున్న మాట ఒక్కటీ రాస్‌కు గుర్తుకు రాలేదు. జో ఇంకా అతని ముఖంలోకే చూస్తున్నాడు, అందులో ఏదో వెతుకుతున్నట్టు.

"ముఖం చూడొద్దు, జో."

జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. ఎడమచెయ్యి దాని పక్కకు తెచ్చాడు. రెండు చూపుడువేళ్లు ఛాతీ ముందుకు చాపి అలాగే నిలబడ్డాడు.

జో చూపు మెల్లగా వేళ్ల మీదికి దిగింది.